కొత్తమొగ మౌనసభ

సభ జరగడానికి ఎనిమిది రోజుల ముందే, ఆ సభ చేసిన తీర్మానం ప్రసన్నలక్ష్మి టేబుల్ మీదికి వచ్చింది.

బందరు కోనేరు సెంటర్ వెనక సందులో ఆమె డీటీపీ సెంటర్. ఒక కంప్యూటరు, ఒక లేజర్ ప్రింటరు, కరెంటు పోతే పని జరగడానికి ఒక పాత టైపు మిషను. శుభలేఖల నుంచి కోర్టు అఫిడవిట్ల దాకా అన్ని రకాల కాగితాలూ ఆమె చేతిమీదుగా వెళ్లేవి. కాబట్టి అబద్ధం ఆమెకు కొత్త కాదు. కానీ ఇంత తీరిగ్గా, ముందే తేదీ వేసుకుని, ఇస్త్రీ చొక్కాలో వచ్చిన అబద్ధాన్ని చూడటం మాత్రం అదే మొదటిసారి.

"కొత్తమొగ గ్రామస్తులందరూ తుఫాను షెల్టరులో సమావేశమై, మౌనంగా ధ్యానించి, ఊరి నుంచి రేవుకు వెళ్లే బాటను గ్రామాభివృద్ధి నిమిత్తం శ్రీ తాతారావు గారి రొయ్యల చెరువుల్లో కలుపుకోవడానికి ఏకగ్రీవంగా అంగీకరించారు."

కింద తేదీ, వచ్చే ఆదివారానిది. సంవత్సరం 1994.

"మాస్టారూ, ఈ సభ ఇంకా జరగలేదు కదండీ," అంది ప్రసన్నలక్ష్మి.

"జరుగుతుందమ్మా. నువ్వు టైపు చెయ్యి," అన్నాడు ధనుంజయరావు, కళ్లజోడు తుడుచుకుంటూ.

ధనుంజయరావు మాస్టారు ముప్ఫై ఏళ్లు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. ఖద్దరు లాల్చీ, భుజాన సంచి, మాట్లాడేముందు కళ్లు మూసుకునే అలవాటు. ఆ ముప్ఫై ఏళ్లలో ఒక్క సమ్మె నోటీసు మీద సంతకం పెట్టలేదు, ఒక్క ఊరేగింపు వెంట పది అడుగులు నడవలేదు. ప్రిన్సిపాల్ గదిలో కుర్చీ చూపించేదాకా నిలబడే ఉండే మనిషి. అలాంటివాడు ఇప్పుడు అమెరికా తిరుగుబాటుదారుల మీద పుస్తకం రాస్తున్నాడు. పేరు: 'తిరుగుబాటుకు ఆత్మ - యుద్ధానంతర అమెరికా ఉద్యమాల నైతిక, ఆధ్యాత్మిక మూలాలు'. ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఇంగ్లీషు. అచ్చు గుడివాడలో. ఖర్చు రొయ్యల తాతారావుది.

పుస్తకంలో పనికొచ్చే ముక్క ఏదైనా ఉంటే అది మాస్టారిది కాదు, ఎమ్మెట్ అనే అమెరికావాడిది.

డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత దివిసీమకు బియ్యం బస్తాలతో వచ్చినవాళ్లలో ఎమ్మెట్ ఒకడు. మిగతావాళ్లు ఫోటోలు తీయించుకుని వెళ్లిపోయారు. అతను కొత్తమొగలో ఉండిపోయాడు. ఆ ఊళ్లో మిగిలిన మనుషులతో కలిసి తట్టలు మోసి, ఊరికీ రేవుకూ మధ్య మట్టి పోసి బాట ఎత్తు చేశాడు. మళ్లీ నీళ్లొస్తే పడవల దగ్గరున్నవాళ్లు షెల్టరు దాకా పరుగెత్తడానికి దారంటూ అదొక్కటే. ఆదివారాలు ఊరివాళ్లతో మౌనంగా సభ కూర్చునేవాడు. పదేళ్లకు అక్కడే చనిపోయాడు. అతని ట్రంకు పెట్టెలో నోటు పుస్తకాలుంటే, చెదలు పడతాయని ఊరివాళ్లకు నచ్చజెప్పి మాస్టారు బందరు పట్టుకొచ్చాడు. బతికుండగా ఆయన ఎమ్మెట్‌ను కలిసింది రెండుసార్లు. రెండుసార్లూ అమెరికాలో ఏదైనా కాలేజీకి సిఫారసు ఉత్తరం రాసిమ్మని అడగడానికే. పుస్తకం ముందుమాటలో మాత్రం 'మా ఇరువురి పదేళ్ల ఆత్మబంధం' అని రాసుకున్నాడు.

ఆ నోటు పుస్తకాలన్నీ ప్రసన్నలక్ష్మే ఎక్కించింది. ఆమె ఎం.ఎ. చదవలేదు గానీ పెడనలో కలంకారీ అద్దకం పనివాడి కూతురు. అచ్చు ఎక్కడ సరిగా పడిందో, ఎక్కడ జారిందో ఆ కళ్లకు తెలుస్తుంది. అమెరికాలో ఆ ఉద్యమాలు ఎక్కడ పుట్టాయో ఎమ్మెట్ సూటిగా రాశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టేది లేదని అతనూ, అతనిలాంటి కొందరు కుర్రాళ్లూ జైలుకు వెళ్లారు. జైల్లో నల్లవాళ్లను వేరే బల్ల దగ్గర కూర్చోబెడుతున్నారని అన్నం మానేశారు. గాంధీ గురించి పత్రికల్లో పడ్డ ముక్కలు కత్తిరించి దిండు కింద దాచుకున్నారు. బయటికొచ్చాక, ఆ తర్వాతి తరం పిల్లలకు రోడ్డు మీద ఎలా కూర్చోవాలో, పోలీసులు ఈడ్చుకెళ్తుంటే ఒళ్లు ఎలా వదిలెయ్యాలో నేర్పింది ఆ జైలు పక్షులే. ఇదంతా తనకు ఎక్కడ అబ్బిందో కూడా రాశాడు. అతని ఇంటివాళ్లు క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు. వాళ్ల ప్రార్థన గదిలో పూజారి లేడు, పీఠం లేదు. బల్లల మీద నోరు మూసుకుని కూర్చుంటారు. ఎవరికైనా లోపలి నుంచి మాట తోసుకొస్తే లేచి చెబుతారు. ఒక్కరు కాదన్నా ఆ పని ఆగిపోతుంది. 'నాకు తెలిసిన విప్లవమంతా ఆ చెక్కబల్ల మీదే నేర్చుకున్నాను' అని అతని మాట.

మాస్టారు ఎర్ర సిరా పెన్నుతో ఈ కథలో పడ్డాడు. జైలు తీసేశాడు. నిరాహారదీక్ష తీసేశాడు. నల్లవాళ్ల బల్ల తీసేసి ఆ చోట వేదాంతం మీద పదహారు పేజీలు, ప్రాణాయామం మీద ఆరు పేజీలు పెట్టాడు. 'కాదు' అన్నవాళ్ల గురించి రాసిన పుస్తకంలో 'కాదు' అన్న ముక్క ఎక్కడా మిగలకుండా జాగ్రత్తపడ్డాడు. ఎమ్మెట్ పుట్టిన ఊళ్లోని కాలేజీవాళ్లు పుస్తకం పంపమన్నారట, ఉపన్యాసానికి పిలుస్తారట. ఎమ్మెట్ పద్ధతిలో ఇప్పటికీ నిర్ణయాలు తీసుకునే పల్లె ఒకటుందని చూపించే ఫోటో కూడా కావాలిట.

తాతారావుకు కావలసింది అంతకంటే సూటైన వస్తువు. గుడివాడ మనిషి. కొత్తమొగ చుట్టూ నూట ఇరవై ఎకరాల్లో రొయ్యల చెరువులు తవ్వించాడు. రేవుబాట ఆ చెరువుల్ని రెండు ముక్కలు చేస్తోంది. బాట కొట్టేస్తే అంతా ఒకటే చెరువు. ఊరి తీర్మానం ఉంటే ఆలోచిస్తామని పైవాళ్లు అన్నారు. రెండుసార్లు టెంటు వేసి సభ పెడితే రెండుసార్లూ ఆడవాళ్లు చేపల బుట్టలతో వచ్చి అరిచిన అరుపులకు టెంటువాడు కూడా పారిపోయాడు. కులపెద్ద పోతయ్యకు పడవ ఇంజను ఆశ చూపించి తిప్పుకున్నాడు గానీ ఆడవాళ్ల నోళ్లకు ఇంజన్లు సరిపోవు. అప్పుడు మాస్టారు ఉపాయం చెప్పాడు. ఎమ్మెట్ వర్ధంతి నాడు అతని పద్ధతిలోనే మౌనసభ పెడదాం, ఆ మౌనంలో వాళ్లు చచ్చినా అరవరు, చివర నేను తీర్మానం చదువుతాను, పోతయ్య సంతకం పెడతాడు. దేవుడి పటం ముందు జేబు కొట్టడం అంటే అదే.

మర్నాడు మధ్యాహ్నం కొత్తమొగ చిట్టెమ్మ డీటీపీ మెట్ల మీద గంప దించింది. వారానికి రెండుసార్లు ఎండుచేపలు తెచ్చి బందరులో అమ్ముకుని, ఈ మెట్ల మీద మంచినీళ్లు తాగి, బస్సు టైము అడిగి వెళ్లడం ఆమెకు అలవాటు. ఉప్పెనలో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి. మూడోవాడు నాగబాబు రేవు నుంచి పరుగెత్తి బతికాడు. అప్పటికి బాట ఎత్తు లేదు, నీళ్లు నడుం దాకా ఉన్నాయి. ఇప్పుడు అతనూ సముద్రం మీదే బతుకుతున్నాడు.

ప్రసన్నలక్ష్మి తలుపు దగ్గరికి వేసి తీర్మానం చదివి వినిపించింది. చిట్టెమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఈసారి కూడా అరవండి పిన్నీ," అంది ప్రసన్నలక్ష్మి.

"ఎమ్మెటయ్య కూర్చున్న చోట అరవం అమ్మాయ్. ఆ సంగతి మేస్టారికి తెలుసు. తెలిసే పెట్టాడు." గంప మీద గుడ్డ సర్దుతూ అడిగింది. "చివర్న చేతులు కలపడం గురించి రాశాడా ఆ పుస్తకంలో?"

ఎమ్మెట్ రాశాడు. మాస్టారు కొట్టేశాడు. నూట పన్నెండో పేజీలో ఏడు లైన్లు. క్వేకర్లు సభ ముగిసిందనడానికి పక్కవాడి చెయ్యి పట్టుకుంటారు. కొత్తమొగలో ఎమ్మెట్ దాన్ని కొంచెం మార్చాడు. ఆ ఊళ్లో కులపెద్దల ఎదుట కోడళ్లు, చిన్నవాళ్లు నోరెత్తరు. నోరెత్తనివాళ్లు కాదనడం ఎలా? అందుకని చెయ్యి ఇవ్వడం చుట్టూ తిరగాలన్నాడు. మొదటివాడు ఇచ్చిన చెయ్యి ఒక్కొక్కరినీ దాటి మళ్లీ మొదటివాడి దగ్గరికి చేరాలి. మధ్యలో ఒక్కరు ఇవ్వకపోయినా సభ ముగిసినట్టు కాదు, ఏదీ నిర్ణయమైనట్టు కాదు. ఎందుకని ఎవరూ అడగకూడదు. మాస్టారు ఆ పేరా మీద అడ్డగీత గీసి పక్కన 'అనవసరం, పల్లెటూరి వ్యవహారం' అని రాశాడు.

"రాస్తే కొట్టేశాడు పిన్నీ."

"అట్టాగా," అని గంప ఎత్తుకుంది చిట్టెమ్మ. సందు మలుపు తిరిగింది.

ఆ సాయంత్రం ప్రసన్నలక్ష్మి కంప్యూటరు ముందు చాలాసేపు ఖాళీగా కూర్చుంది. మాస్టారు పెద్ద గిరాకీ. ఆయన వెనక కాలేజీ ప్రశ్నపత్రాలున్నాయి. తాతారావు వెనక గుడివాడ పనులున్నాయి. ఇద్దరికీ కోపం వస్తే ఈ సందులో మళ్లీ శుభలేఖలే గతి. అదీ ఆలోచించింది. ఆలోచించి, నూట పన్నెండో పేజీ తెరిచి, ప్రాణాయామంలోంచి ఏడు లైన్లు లేపేసి, ఆ చోట ఎమ్మెట్ ఏడు లైన్లు పెట్టింది. ఎదుటి పేజీలో ఇంగ్లీషు కూడా అలాగే సర్దింది. ఒక్క అక్షరం తన సొంతం కలపలేదు. పొద్దున్నే అచ్చుకివ్వాల్సిన ట్రేసింగు కాగితాలు చుట్ట చుట్టుకుని గుడివాడ బస్సెక్కింది. తన పుస్తకాన్ని అచ్చుకు ముందు ఇంకోసారి చదువుకునే ఓపిక మాస్టారికి లేదని ఆమెకు తెలుసు. పెద్ద గొంతుతో చదివి వినిపించమంటే వేరే సంగతి.

ఆదివారం మూడు గంటలకు తుఫాను షెల్టరులో చాపలు పరిచారు. అరవై మంది గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో ఎమ్మెట్ ఫోటోకు బంతిపూల దండ. ఎమ్మెట్ బతికుంటే ముందు దాన్ని తీయించేవాడు. మండలం నుంచి వచ్చిన అధికారి హరిబాబుకు కుర్చీ వెయ్యబోతే వద్దని చాప మీదే కూర్చున్నాడు. తాతారావు మాత్రం కుర్చీ వేయించుకుని, గుండ్రానికి బయట, ఫ్యాను కింద కూర్చున్నాడు. బందరు నుంచి ఫోటోగ్రాఫరు వచ్చాడు. వెనక వంటవాళ్లు బిర్యానీ డేగిశాలు దించారు. ప్రసన్నలక్ష్మి పుస్తకాల కట్ట పక్కన నిలబడింది. తాజా అచ్చు వాసన, చేపల వాసన ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి.

మాస్టారు ఎడమవైపు పోతయ్య, కుడివైపు చిట్టెమ్మ. ఆమె వచ్చి అక్కడ కూర్చుంటే ఆయనకు ముచ్చటేసింది. ముసలామె ఫోటోలో బాగా పడుతుంది.

పుస్తకం ఆవిష్కరించి తలో కాపీ పంచారు. చదవడం రానివాళ్లు వాటితో విసురుకున్నారు. ఆపైన మాస్టారు కళ్లు మూసుకున్నాడు. అరగంట ఎవరూ కదల్లేదు. సముద్రం మీంచి గాలి వస్తోంది, చెరువుల్లో రొయ్యలకు గాలి ఆడటానికి నీళ్లు చిలికే ఏరియేటర్లు తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది. పసిపిల్ల ఒకతె ఏడిస్తే తల్లి కొంగు కప్పింది. తాతారావు మూడుసార్లు వాచీ చూసుకున్నాడు. అధికారి హరిబాబుకు ఏం తోచక పుస్తకం తిరగేస్తున్నాడు.

మాస్టారు కళ్లు తెరిచి, జేబులోంచి కాగితం తీసి, పండగ పంచాంగం చదివినట్టు మెల్లగా తీర్మానం చదివాడు. చుట్టూ చూశాడు. అరవై ముఖాలు, ఒక్క మాట లేదు.

"మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. ఎమ్మెట్ గారి దగ్గర అది పూర్తి అంగీకారం," అని పెన్ను పోతయ్యకు అందించాడు.

పోతయ్య పెన్ను తీసుకున్నాడు. దాని మూత తీశాడు. ఇంజను కళ్లముందు తిరుగుతూనే ఉండి ఉంటుంది. కానీ పదేళ్లపాటు ప్రతి ఆదివారం అదే చాప మీద కూర్చున్న ఒళ్లు అది. దానికి ఇంజను సంగతి ఎవరూ చెప్పలేదు.

"చేతులు కలపలేదు గదా మేస్టారూ ఇంకా," అన్నాడు, మామూలుగా, అన్నం తినేముందు చెయ్యి కడుక్కోలేదన్నట్టు.

తాతారావు కుర్చీ కిర్రుమంది. మాస్టారు నవ్వాడు. అది పాత అలవాటనీ, ఎమ్మెట్ సిద్ధాంతంలో దానికి చోటు లేదనీ, తాను ఆ నోటు పుస్తకాలన్నీ శోధించాననీ చెప్పాడు.

"నూట పన్నెండో పేజీలో ఉందండీ," అన్నాడు హరిబాబు. అతని గొంతులో వెటకారం లేదు. ఫైల్లో కాగితం తక్కువైతే అడిగే గొంతు అది. వేలు పెట్టి ఏడు లైన్లూ పైకి చదివాడు. "మీ పుస్తకమే కదండీ. ఒక్కరు ఇవ్వకపోయినా నిర్ణయం కానట్టే అని మీరే రాశారు. కానివ్వండి మరి, అదీ అయిపోతే నేను రాసుకుంటాను."

మాస్టారు పుస్తకం లాక్కుని చూశాడు. తలెత్తి ప్రసన్నలక్ష్మి వైపు చూశాడు. ఆమె పుస్తకాల కట్టకు కట్టిన పురికొస ముడి విప్పుతోంది, ప్రపంచంలో అంతకంటే ముఖ్యమైన పని లేనట్టు. ఏమనగలడు? 'అది నేను రాసింది కాదు' అందామంటే రాసిన గొప్పతనమంతా ఆయనదేనని పది నిమిషాల క్రితమే చప్పట్లు కొట్టించుకున్నాడు. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. మాస్టారు చిరునవ్వు తగిలించుకుని పోతయ్యకు చెయ్యి ఇచ్చాడు.

పోతయ్య పక్కవాడికి ఇచ్చాడు. చెయ్యి బయల్దేరింది. మగవాళ్ల వరసలో జోరుగా వెళ్లింది. అందరి కళ్లూ నేల మీదే ఉన్నాయి. అధికారి నవ్వుతూ అందుకున్నాడు. ఆడవాళ్ల వరసలో అడుగుపెట్టాక నెమ్మదించింది గానీ ఆగలేదు. కోడళ్లు, వదినలు, చంకన పిల్లలున్నవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు. ప్రసన్నలక్ష్మి పురికొస వదిలేసి చూసింది. వీళ్లంతా ఇచ్చేస్తున్నారేంటి? తను పెట్టిన ఏడు లైన్లతో వీళ్ల మెడకే ఉరి బిగిసిందా?

చివరికి చెయ్యి చిట్టెమ్మ దాకా వచ్చింది. పక్కనున్న ఆడమనిషి చెయ్యి ఆమె అందుకుంది. ఇక ఎడమవైపు మాస్టారు చాపిన చెయ్యి ఒక్కటే మిగిలింది. ఆమె ఆ చేతిని చూసింది. మెత్తటి చెయ్యి, చూపుడు వేలికి ఎర్ర సిరా మరక. చూసి, తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎమ్మెట్ ఫోటో వైపు తిరిగి కూర్చుంది.

అప్పుడు అర్థమైంది ప్రసన్నలక్ష్మికి. ఆ ముసలామె అక్కడ కూర్చుంది ఫోటో కోసం కాదు. ఊరంతా ఆమె మీద భరోసా పెట్టింది. మిగిలినవాళ్లకు పోతయ్యతోనూ తాతారావుతోనూ పగ పెట్టుకునే అవసరం లేకుండా కాదనే బరువంతా ఆమె ఒక్కతే నెత్తికెత్తుకుంది.

ఎందుకని ఎవరూ అడగకూడదు. అడగలేదు. మాస్టారి చెయ్యి గాలిలోనే ఉంది. ఫోటోగ్రాఫరు ఆ సమయానికే బటన్ నొక్కాడు.

సభ ముగియలేదు కాబట్టి ఎవరూ లేవలేదు. పావుగంట అయింది. అరగంట అయింది. మాస్టారు చెయ్యి దించాడు, మళ్లీ చాపాడు, మళ్లీ దించాడు. ఆయన చెవిలో ఏదో బతిమాలుతుంటే చిట్టెమ్మ ఈగను తోలినట్టు కూడా తోలలేదు. నాలుగున్నరకి బిర్యానీ మీద నెయ్యి పేరుకుంది. అయిదింటికి తాతారావు లేచి, ఇదేం నాటకమని గదమాయించాడు. అరవై మందిలో ఒక్కరు తల తిప్పలేదు. అరిచేవాళ్లతో ఎలా వేగాలో అతనికి తెలుసు. ఇలా నోరు మూసుకుని కూర్చున్నవాళ్లతో ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. తడబడుతూ జీపెక్కి, దుమ్ము రేపుకుంటూ, కొట్టేద్దామనుకున్న ఆ బాట మీదుగానే తన చెరువుల దగ్గరికి వెళ్లిపోయాడు. అటువైపు అతనికీ వేరే దారి లేదు.

హరిబాబు కాగితం మీద ఒక్క వాక్యం రాశాడు. 'సభ ముగియనందున తీర్మానం ఏదీ లేదు.' సంతకం పెట్టి మాస్టారికి చూపించాడు.

"ముగిసినప్పుడు కబురు పెట్టండి, వస్తాను," అని చెప్పి వెళ్లాడు. అతను నిజంగానే అన్నాడో వేళాకోళమో ప్రసన్నలక్ష్మికి ఇప్పటికీ తెలీదు.

పోటు నీళ్లు వచ్చే వేళకు మగవాళ్లు సభ ముగించకుండానే లేచి ఆ బాట మీద పడవల దగ్గరికి నడిచారు. ముందు పోతయ్య. అతని మొహం ఏడ్చినట్టుంది గానీ నడక మాత్రం తేలిగ్గా ఉంది.

మూడు నెలలు గడిచాయి. ఈలోగా ఇంకో సభ పెడదామని తాతారావు మనుషులు వచ్చారు. పాత సభే ముగియలేదు, కొత్తదెలా పెడతారని ఊరు అడిగింది. వచ్చినవాళ్లు అలాగే గుడివాడ బస్సెక్కారు. తన డబ్బుతో అచ్చయిన పుస్తకాలు తాతారావు లారీలో వేయించుకుపోయాడు. చెరువుల దగ్గర లైట్ల బల్బులు చుట్టడానికి అవి బాగా పనికొస్తున్నాయని వినికిడి.

ఒకరోజు మాస్టారు అమెరికా ఉత్తరంతో డీటీపీ సెంటర్‌కు వచ్చాడు. ఆ ఆదివారం తర్వాత ఆ గడప తొక్కడం అదే మొదలు. ఆమెను తిట్టడానికి ఏడెనిమిది మాటలు సిద్ధం చేసుకుని ఉంటాడు, అవి ముఖంలోనే కనిపిస్తున్నాయి. కానీ ఉత్తరం వాటన్నిటికీ అడ్డుపడింది. కాలేజీవాళ్లు పుస్తకం చదివారట. మిగతాదాని గురించి ఒక్క ముక్క లేదు. నూట పన్నెండో పేజీ మాత్రం అద్భుతంగా ఉందనీ, తమ ఎమ్మెట్ నేర్పిన ఆ పద్ధతిలో ఊరు తీసుకున్న నిర్ణయాల్లో ఏదైనా ఒకటి రాసి పంపితే అచ్చు వేసుకుంటామనీ రాశారు.

"జవాబు రాయాలి," అన్నాడు మాస్టారు, నేల చూస్తూ.

"చెప్పండి మాస్టారూ, కొడతాను," అని ప్రసన్నలక్ష్మి కీబోర్డు దగ్గరికి జరిగింది.

మాస్టారు కళ్లు మూసుకున్నాడు. అలవాటే. చాలాసేపు మూసుకునే ఉన్నాడు. ఆ పద్ధతిలో ఊరు తీసుకోగా ఆయన చూసిన నిర్ణయం ఒక్కటే, తన చెయ్యి గాలిలో ఉండిపోయినది. చివరికి ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగాడు.

ఆ మెట్ల మీదే చిట్టెమ్మ గంప దించుకుని నీళ్లు తాగుతోంది. ఆయన పక్కనుంచి తప్పుకుని సందులోకి వెళ్లిపోయేదాకా చూసి, మూతి తుడుచుకుంది.

"పాపం, చెయ్యి ఇంకా నొప్పిగానే ఉందేమో మేస్టారికి," అని గంప ఎత్తమని ప్రసన్నలక్ష్మిని పిలిచింది.